రొయ్యపొట్టు గొట్టం

ఈ బెంచీ చేసినవాడు దీని మీద ఒక్కనాడూ కూర్చుని ఉండడు, అనుకున్నాడు ఎల్లాజీ, కూర్చోవడమంటే తెలిసినవాడెవడూ ఇనపరేకుకి చిల్లులు పొడిచి మనుషుల కిందికి తొయ్యడు, పదిన్నరకి పిలుస్తామన్నారు, గోడ గడియారంలో పదయింది, ఆ గడియారం వాలకం చూస్తే అదీ నిజం చెప్పేదిలా లేదు, ఈ ఆసుపత్రిలో నిజం చెప్పేది ఫినాయిలు వాసన ఒక్కటే, మిగతావన్నీ అబద్ధాలు, అదిగో ఎదురుగోడకి వేలాడుతున్న ఫ్లెక్సీతో సహా. ఆ ఫ్లెక్సీలో ఉన్నది ఎవడయ్యా అంటే తనే, కోనాడ ఎల్లాజీ, అరువు చొక్కా తొడుక్కుని, కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గులాబీపువ్వు పట్టుకుని పళ్లికిలిస్తూ, కింద ఎర్రక్షరాల్లో 'తెగిన నరం మళ్లీ మొలిచింది' అని. తనకి చదవడం రాదు, పక్కన కూర్చున్న పెళ్లాం లక్ష్మణమ్మే కూడబలుక్కుని చదివి వినిపించి మూతి మూడు వంకర్లు తిప్పింది. మొలిచిందట, మొలవడానికి అదేమైనా మెంతికూరా? ఆ ఫోటో తీసిన రోజు పువ్వు ఎప్పుడు జారిపోయిందో తెలియక ఖాళీ వేళ్లు పట్టుకుని నవ్వుతూనే ఉన్నాడు తను, ఫోటోవాడు నాలుగుసార్లు కిందనుంచి ఏరి ఇచ్చాడు, ఇచ్చి కూడా ఒక్కసారైనా 'ఏమయ్యా, పట్టుకున్నావో లేదో నీకు తెలియడం లేదా' అని అడగలేదు, కళ్లకి అంత పెద్ద మిషను పెట్టుకున్నవాడు కళ్లముందున్నది చూడలేకపోయాడు. చెయ్యి ఒళ్లో పడుంది, వలలోంచి ఏరి ఒడ్డున పారేసిన పనికిరాని చేపలా, చిటికెనవేలూ ఉంగరపువేలూ ఇంటివాళ్లు, తక్కిన మూడూ అద్దెకొచ్చినవాళ్లు, పలకరిస్తే పలకవు, వంగమంటే వంగుతాయి గానీ ఏది ముట్టుకున్నాయో చెప్పవు, రాయి ముట్టుకున్నా పెళ్లాం బుగ్గ ముట్టుకున్నా వాటికి ఒకటే. ఎనిమిది నెలలుగా ఆ మూడువేళ్ల తరఫునా ఎల్లాజీయే పలుకుతున్నాడు.

తెగిన కథ ఊరందరికీ తెలుసు, ఆసుపత్రిలోనే ఎవరికీ తెలియదు. హుద్‌హుద్ తుఫాను పోయిన మరుసటేడు, కోనాడ రేవులో, లక్ష్మణమ్మ కత్తిపీట ముందేసుకుని చేపలు కోస్తోంది, తను పక్కనే నిలబడి పక్కతెప్ప కూర్మయ్యకి పొద్దున పడిన కోనాం చేప గురించి చెబుతున్నాడు, అది గాలాన్ని మింగి తెప్పని ఒడిశా దాకా ఈడ్చుకుపోయిందనీ, గోపాల్‌పూర్‌లో లైట్‌హౌసువాడు తనకి చెయ్యూపాడనీ, ఇంతుంది మావా అని రెండు చేతులూ బార్లా చాపి, ఇంకాస్త చాపి, ఆ చాపిన చెయ్యి విసురుగా కిందికి దించితే మణికట్టు పోయి కత్తిపీట మీద పడింది. చేప మూరెడు, కథ రెండు బారలు, ఆ తేడా అంతా మణికట్టు మీదుగా పోయింది. ఊళ్లో మందులిచ్చే నూకయ్య గోనెసంచి కుట్టినట్టు పైచర్మం కుట్టేసి, లోపల ఏముందో చూడకుండా, చూడ్డానికి వాడికేం తెలుసు గనక, వారంలో తెప్ప ఎక్కుతావన్నాడు. మూడు నెలలకి ఈ ఆసుపత్రికి వస్తే ఈ యుగంధర్ డాక్టరు, నిగనిగలాడే జోళ్లూ ఆయనా, ఎలా తెగిందని అడిగాడు, సొర కరిసింది బాబూ అన్నాడు తను, మాటవరసకే అన్నాడు, డాక్టరు గీతలా ఉన్న గాటుని ఇటు తిప్పి అటు తిప్పి చూసి సొర అని రాసేసుకున్నాడు. ఆ సొర పళ్లు నూరించుకుని వచ్చిందా అని అడగలేదు. అంత చదువుకున్నాక అడగడం నామోషీ అనుకుంటా. నాలుగు రోజులకి వార్డులో అందరూ తనని సొర ఎల్లాజీ అనేవారు, లక్ష్మణమ్మ అన్నం క్యారేజీ తెచ్చి, ఆ సొరని నేనే, రండి చూసుకోండి అన్నట్టు నడుం మీద చెయ్యేసుకుని నిలబడేది, అప్పుడూ ఎవరికీ అర్థం కాలేదు.

తెగిన నరం రెండు కొసలూ దేనిదారిన అది ముడుచుకుపోయాయనీ, మధ్యన వేలి గెణుపంత ఖాళీ ఉందనీ, దగ్గరికి లాగి కలిపితే అందవనీ చెప్పాడు డాక్టరు. రెండు దారులున్నాయట. పిక్క పక్కనుంచి ఒక నరం తీసి అతకడం ఒకటి, దానికి పాదం అంచు మొద్దుబారుతుంది, వద్దన్నాడు ఎల్లాజీ, తెప్ప మీద నిలబడేవాడికి పాదం కూడా ఇంకో చెయ్యే. రెండోది ఈ గొట్టం. రొయ్యలపొట్టు మందుల్లో నానేసి కరగబెట్టి, అందులోంచి తీసిన సరుకుతో సన్నగా గొట్టం పోస్తారు, తుంటి దగ్గర చిటికెడు కొవ్వు తీసుకుని అందులోని కణాల్ని గాజుపళ్లెంలో నారు పోసినట్టు పెంచుతారు, పెంచి గొట్టంలో నాట్లు వేస్తారు, పైకొసా కింది కొసా చెరోవైపూ దూర్చి కుడితే నరం లోపల్లోపలే పాక్కుంటూ వెళుతుంది, గొట్టం మెల్లగా కరిగిపోతుంది. రోజుకి ఎంత పాకుతుందంటే ఆవగింజంత కూడా కాదు, నత్త వెనక్కి తిరిగి నవ్వే నడక. అంతా విన్నాడు, తలూపాడు, కానీ రొయ్యలు అనగానే మొహం చిట్లించాడు, ఎందుకంటే అవి సముద్రం రొయ్యలు కావని తనకి తెలుసు, పూసపాటిరేగ దాకా తోటలు తవ్వేసి చెరువులు పెట్టారే, ఆ చెరువు రొయ్యలు, పుట్టినదగ్గర్నుంచీ కెరటం మొహం చూడనివి, తిరిగే చక్రం కింద గాలి పీల్చి, బస్తాలో మేత తిని, ఐసుపెట్టెలో చచ్చేవి. అలాంటిదాని పొట్టు తన మణికట్టులో కూర్చుని తన నరానికి దారి చూపిస్తుందట. బతికుండగా చెరువు ఈ గట్టునుంచి ఆ గట్టుకి తప్ప ఎక్కడికీ పోని జీవం, చచ్చాక దారి చూపిస్తుందట. వెయ్యండి బాబూ అన్నాడు. పదమూడు నెలలైంది.

ఆ వేళ్లు ఏ వేళ్లు! తంగూసు దారం చూపుడువేలి మీద వేసుకుని, కళ్లు మూసుకుని, ముప్ఫై బారల అడుగున ఏం జరుగుతోందో పేరుపేరునా చెప్పిన వేళ్లు. గులివింద చేప ఎరని ముసలమ్మ వక్కపలుకు నమిలినట్టు నములుతుంది, పార వచ్చిందంటే అప్పు తీర్చనివాడి తలుపు తట్టినట్టు తడుతుంది, కోనాం తట్టదు, పెట్టదు, దొంగలా వచ్చి దారంతో సహా పోతుంది, పీత ఐతే ఉత్తినే పట్టుకుని వేలాడుతుంది, గవర్నమెంటు ఆఫీసులో గుమస్తాలాగ, పని చెయ్యదు, వదలదు. కూర్మయ్య అంతటి మొండివాడు కూడా, ఒరే ఎల్లాజీ, నీ నోట్లో ఉన్నది నమ్మను గానీ నీ ఏలు సెప్పింది నమ్ముతాను అనేవాడు. రేవులో మాటకి ఒక లెక్క ఉంది. చెప్పేవాడు రెండు బారలు చెబుతాడు, వినేవాడు మూరెడే వింటాడు, ఇద్దరూ నష్టపోరు. దానితోపాటు ఇంకో కట్టు ఉంది, దారం నీళ్లలో ఉండగా 'లేదు' అన్న మాట నోట రాకూడదు. పక్కతెప్పవాడు పడిందా అని కేకేస్తే పడతన్నాది అనాలి, పొద్దుట్నుంచీ ఒక్క చిన్న నెత్తలి చేప కూడా ముట్టకపోయినా పడతన్నాది అనే అనాలి, లేదన్నావంటే సముద్రం విని అలాగే కానీ అనుకుంటుంది. తొమ్మిదేళ్లప్పుడు ఒక్కసారి లేదన్నందుకు అయ్య లక్ష్ముడు తెడ్డు కర్రతో వీపు మీద వేశాడు. ఆ దెబ్బతో ఆ మాట నోట్లోంచి ఊడిపోయింది, పాలపన్ను ఊడినట్టు, మళ్లీ మొలవలేదు. అటువంటి నోరు ఇది. ఆపరేషను అయిన అయిదో నెలలో యుగంధర్ డాక్టరు కళ్లమీద పచ్చగుడ్డ కప్పి, వేలి మీద ఏదో పెట్టి, ఎల్లాజీ, తెలుస్తోందా, అని అడిగితే అది ఏమంటుంది? తెలస్తన్నాది బాబూ అంది. డాక్టరు మొహం రేవుకి పడవలు తిరిగొచ్చినప్పటి ఆడవాళ్ల మొహంలా వెలిగిందని గుడ్డ తీశాక చూశాడు. వీళ్లకి లెక్క తెలీదు, రెండు బారలు చెబితే రెండు బారలూ రాసేసుకుంటారు, అని అప్పుడే అనుకున్నాడు, అనుకుని చులకనగా నవ్వుకున్నాడు, అంతేగానీ దిద్దలేదు.

ఆ తర్వాత నెలనెలా అదే ఆట. ఝాన్సీలక్ష్మి అని వేళ్లకి కసరత్తు చేయించే అమ్మాయి, మంచి పిల్లే, కానీ ఊపిరి దాచుకోవడం రాని పిల్ల. ప్లాస్టిక్ పుల్లలకి గుచ్చిన నైలాన్ ముక్కలు తెస్తుంది, సన్నవీ లావువీ, మొదటిసారి వాటిని చూసి, ఇదేటమ్మా, తంగూసేనా, ఇంత దానికా ఈ పెట్టె అన్నాడు, నెత్తళ్లకి కూడా కట్టని దారాన్ని వెల్వెట్ పెట్టెలో పెట్టుకు తిరుగుతారు. కళ్లకి గుడ్డ కడుతుంది, దారం కొస వేలికి ఆనించే ముందు ఊపిరి బిగబడుతుంది, ఆనించి తీశాక వదులుతుంది. అంతే, ఇంకేం కావాలి? ముప్ఫై బారల అడుగున చేప కదిలితే తెలిసినవాడికి మూరెడు దూరంలో ఆడపిల్ల ఊపిరి తెలియదా? బిగబట్టగానే 'ఆఁ, బొటనేలు', మళ్లీ బిగబట్టగానే 'ఆఁ, సూపుడేలు', ఎందుకంటే ఎప్పుడూ ఆ వరసే, దేవుడి పటాలకి బొట్లు పెట్టినట్టు ఎడమనుంచి కుడికి. పదికి తొమ్మిది. ఒక్కటి కావాలని తప్పు చెప్పేవాడు, కథలో అంత ఉప్పు ఉండాలి. వాళ్లు కాగితాల మీద గీతలు గీసుకున్నారు, గీత పైకి పోతోందని చూపించారు, దండ వేశారు, ఆ ఫ్లెక్సీ వేశారు. ఎంత చదువు, ఎన్ని మిషన్లు, ఎంత ఏసీ, ఇంతమందిలో ఒక్కడికి ఈ గుడ్డ కట్టి ఆ అమ్మాయిని గదిలోంచి బయటికి పంపించి చూద్దాం అనే బుర్ర లేకపోయింది. వెర్రిబాగులవాళ్లు. కూర్మయ్య మనవరాలు పట్టుకునేది అరనిమిషంలో.

"అన్నా, ఆ పొటోలో ఉన్నది నువ్వే గదా?"

తలెత్తి చూశాడు. ముప్ఫై ఏళ్ల మనిషి, ఎడమచేత్తో ఫైలు పట్టుకుంది, కుడిచెయ్యి చున్నీలో చుట్టుకుంది. పేరు కన్యాకుమారి అంది, నెల్లిమర్ల వైపు, జనపనార మిల్లులో పని, బెల్టు తెగి మణికట్టు దగ్గర కోసేసిందంది.

"నానే. ఇంకెవుడు?" అన్నాడు ఎల్లాజీ, వెన్ను తనంతట తనే నిలువైంది.

"మంగళారం నాకు ఆపరేసను. గొట్టవా, కాలినరవా, నువ్వే సెప్పు అంతన్నారు. నానేటి సెప్తాను? నీకు నిజంగా తెలస్తన్నాదేటన్నా?"

"తెలస్తన్నాదా అనడుగుతావేటమ్మా! మొన్న ఈ ఏలి మీదకి సీవొకటెక్కినాది. కళ్లు మూసుకుని ఆడసీవో మగసీవో సెప్పీసినాను."

"ఎలగ?"

"మీసాలు తగిల్నాయి."

ఆమె పకపకా నవ్వింది. రేవులో ఐతే ఇక్కడితో అయిపోవాలి, వినేవాళ్లు 'చాల్లే నీ కోతలు' అని తుడిచేసుకుని పోవాలి. ఈమె నవ్వు ఆపి చున్నీలోంచి చెయ్యి బయటికి తీసి చూసుకుంది.

"పోగు తెగినాదో లేదో మాం కళ్లతో సూడం అన్నా, ఏల్తో సూస్తాం. కళ్లతో సూసీసరికి బారెడు గుడ్డ పాడైపోద్ది. కాలినరం తీసీస్తే పాదం మొద్దుబారిపోద్దంట, పొద్దల్లా నిలబడీ పని నాది. సీవ మీసాలు వొద్దులే, నాకు పోగు తెలిస్తే సాలు. గొట్టవే ఏయించుకుంతాను." ఫైలు ఒళ్లో పెట్టుకుని ఎదురుబెంచీ మీద కుదురుగా కూర్చుంది, బస్సు టికెట్టు దొరికినవాళ్లు కూర్చున్నట్టు.

లక్ష్మణమ్మ చెవి దగ్గరికి వంగి, "నీ సెయ్యికంటే ముందర నీ నోరు మొద్దుబారాల్సింది," అంది.

"నువ్వూరుకోయే."

"ఊరుకునే ఉన్నాను. పొయ్యి మీంచి సేపలకూర గిన్నె ఒట్టిసేత్తో దించీసి, కాల్న కంపు నీకంటే ముందర నాకొస్తే, అప్పుడూ ఊరుకున్నాను. ఆ మనిసిది కూడా సెయ్యేనా, కాదా?"

ఏమిటీ మనిషి, అనుకున్నాడు ఎల్లాజీ కన్యాకుమారిని చూసి, చీమ మీసాలు నమ్మే మనిషి, మగచీమకి మీసాలుంటాయా అని కూడా అడగని మనిషి, నమ్మేవాళ్లంటే మొదట్నుంచీ తనకి రోత, నమ్మేవాళ్ల వల్లే అబద్ధం చెప్పేవాడు పాడైపోతాడు, రేవు జనం ఎవడికి వాడు సగానికి సగం కోసుకుని వింటారు గనకనే తను ఇన్నాళ్లూ ఎవరికీ హాని చెయ్యకుండా బతికాడు, ఈ లోపలి ఊళ్లవాళ్లకి కొయ్యడం రాదు, తలా తోకా పొలుసూ పేగులూ అన్నీ కలిపి మింగేస్తారు, మింగి ఇదిగో ఇలా కుదురుగా కూర్చుంటారు. ఆమె తన పాడు చేతిని ఒళ్లో పెట్టుకుని ఎడమచేత్తో నిమురుతోంది. తనూ అలాగే నిమిరేవాడు మొదట్లో, నిద్రలేవని బిడ్డని నిమిరినట్టు. డాక్టరు అన్నమాట ఇప్పుడెందుకు గుర్తొచ్చింది, తెగినప్పటినుంచీ ఏడాదిన్నర లోపల నరం అందకపోతే బొటనవేలి కింది కండ ఎండిపోతుంది, ఆ తర్వాత బంగారు నరం తెచ్చి అతికినా లాభం లేదు అని, పదమూడూ మూడూ పదహారు, ఇంకా రెండు నెలలుంది, ఆ రెండు నెలలూ కూడా పదికి తొమ్మిది చెప్పి గడిపేస్తే చెయ్యి పూర్తిగా పోతుంది, పోయాక కూడా ఫ్లెక్సీలో పువ్వు పట్టుకునే ఉంటుంది. తన చెయ్యి తనిష్టం, ముక్కలు చేసి ఎరకి గుచ్చుకుంటాడు, ఎవడికేం? కానీ ఇవాళ పైనుంచి అయిదుగురు పెద్ద డాక్టర్లు వస్తున్నారు, వాళ్లు సరేనంటే ఇంకో నలభైమందికి ఈ గొట్టం వేస్తారట, ఝాన్సీలక్ష్మి సంబరంగా చెప్పింది, నలభైమంది, ఒక్కొక్కరూ ఇలాగే ఫైలు ఒళ్లో పెట్టుకుని, అందరికంటే ముందు ఈ నెల్లిమర్ల మనిషి, పోగు తెలిస్తే చాలంటోంది, రెండు బారలు అడగలేదు, మూరెడే అడిగింది. థూ, అనుకున్నాడు. ఎవరిని అన్నాడో వెతుక్కుంటే ఆ కారిడార్లో ఆ మాటకి తగినవాడు తను తప్ప ఇంకెవరూ కనిపించలేదు.

పదిన్నరకి కాదు, పదకొండింటికి పిలిచారు. గది నిండా చొక్కాలు మడత నలగని మనుషులు. యుగంధర్ డాక్టరు తనని చూపిస్తూ ఇంగ్లీషులో చాలాసేపు చెప్పాడు, సొర అన్న మాట వచ్చినప్పుడు చేత్తో కోరలు కూడా పెట్టి చూపించాడు, అందరూ ఆహా అన్నారు, ఇంతమంది పెద్దవాళ్లని కత్తిపీట ఒక్కటి ఎలా బోల్తా కొట్టించిందో అనుకుంటే మామూలుగా ఐతే ఎల్లాజీకి కడుపునిండిపోవాలి, నిండలేదు. పచ్చగుడ్డ కట్టారు. ఇవాళ పరీక్ష ఝాన్సీలక్ష్మి కాదు, నరసింగరావు గారని వచ్చినవాళ్లలో ముసలాయన, ఆయనే ఎదురుగా కూర్చున్నాడు. ఊపిరి వినపడదు. కుర్చీ కిర్రుమనదు. "తెలిసినప్పుడు తెలిసిందను. నేనేమీ అడగను," అన్నాడంతే. ముసలిపీత, అనుకున్నాడు ఎల్లాజీ, మొదటిసారి కాస్త గౌరవంగానే. చెవులు రిక్కించాడు. ఫ్యాను. ఎవరో గొంతు సవరించుకున్నారు. ఆపైన, సన్నగా, టిక్కు టిక్కుమని. ముసలాయన చేతి గడియారం. ఆ టిక్కు దగ్గరికొచ్చింది, ఆగింది, దూరమైంది. మళ్లీ దగ్గరికొచ్చింది, ఈసారి కాస్త ఎడంగా, అంటే నడిమివేలు. దొరికేశావు తాతా. చేప తనంతట తను చెప్పుకుంటోంది నేనిక్కడున్నానని, ఇక లాగడమే తరువాయి, పదికి పదీ లాగెయ్యొచ్చు, నాలుక అప్పుడే పైపళ్లకి ఆనుకుంది, ఆఁ అనడానికి నోరు తెరుచుకుంది, తెరిచిన నోట్లోకి అయ్య లక్ష్ముడి తెడ్డూ, దేవుడెరగని నీళ్లూ, ముప్ఫై బారల చీకటీ వచ్చి కూర్చున్నాయి, ఆ మాట అంటే సముద్రం వింటుంది, విననీ, ఇక్కడ సముద్రం లేదు, ఫినాయిలు ఉంది.

"లేదు," అన్నాడు.

గది కదిలినట్టయింది. టిక్కు మళ్లీ వచ్చింది, వెళ్లింది.

"లేదు. ఇప్పుడు నడిమేలు మీద పెట్టినారు గావాల. నాకు తెలీలేదు. మీ వాచీ సెప్పింది."

"ఎల్లాజీ, కంగారుపడకు," అన్నాడు యుగంధర్ డాక్టరు, గొంతులో నవ్వు ఉంది గానీ దానికి కాళ్లు లేవు. "వీళ్లంతా మనవాళ్లే. పోయిన నెల తెలిసింది కదా?"

"లేదు బాబూ."

"అంతకుముందు?"

"లేదు."

"మరి తెలుస్తోందన్నావు!"

"అన్నాను."

"ఏసీ ఎక్కువైంది సార్, చేతులు చల్లబడితే ఇలాగే ఔతుంది. ఝాన్సీ, ఏసీ తగ్గించు. పది నిమిషాలాగి మళ్లీ చూద్దాం." ఇంకెవరో బీపీ చూడమన్నారు. ఇంకెవరో, పల్లెటూరివాళ్లు ఇంతమందిని చూసి బెదిరిపోతారన్నారు. ఎల్లాజీకి ఒళ్లు మండింది. ఎనిమిది నెలలు నోటికొచ్చింది చెబితే ఒక్కడూ బీపీ చూడలేదు, పుట్టి బుద్ధెరిగి ఒక్క నిజం చెబితే జబ్బు చేసిందంటున్నారు. గుడ్డ లాగి పారేశాడు.

"అర్దగంట కింద సీవకి మీసాలున్నాయంటే ఒక మనిసి నమ్మీసినాది. సొర కరిసిందంటే తవరు నమ్మీసినారు. సొరా లేదు గిరా లేదు, మా ఆడదాని కత్తిపీట. ఈ పిల్ల ఊపిరి బిగబడితే నాను ఆఁ అంతన్నాను, అదీ మీ గీత పైకెల్లిపోడం. ఇప్పుడు లేదంతంటే ఏసీ తగ్గిస్తారేటి?" బల్లమీద పళ్లెంలో దూది పక్కన గుండుసూది ఉంది, పరీక్ష కోసం పెట్టినదే. ఎడమచేత్తో తీసి కుడి చూపుడువేలి కొనలో తల దాకా దించాడు. ఝాన్సీలక్ష్మి అమ్మా అంది. "ఏలు సూడకండి. నా కళ్లు సూడండి. రెప్ప కొట్టుకున్నాదా? ఇప్పుడు రాసుకోండి."

నరసింగరావు గారు సూది తనే తీసి, దూది అద్దబోతే ఎల్లాజీ చెయ్యి లాక్కున్నాడు. ముసలాయన కళ్లజోడు సర్దుకుని, కలం తీసి, మెల్లగా రాశాడు. రాసి, యుగంధర్ వైపు చూడకుండానే అన్నాడు: "గొట్టం చెడ్డదని కాదు. కొందరికి పని చేస్తుంది. ఇతనికి చెయ్యలేదు. రెండూ రాస్తేనే పరిశోధన." ఎల్లాజీతో అన్నాడు: "ఈ నెలలోపే కాలినరం పెట్టి చూడాలి. కండ ఇంకా మిగిలి ఉంది. వస్తుందని మాటివ్వలేను."

"మాటలు నాకాడ శానా ఉన్నాయిలెండి," అన్నాడు ఎల్లాజీ. యుగంధర్ డాక్టరు తన నిగనిగలాడే జోళ్ల వైపు చూసుకుంటున్నాడు, ఝాన్సీలక్ష్మి ఏడుపు ఆపుకోవడానికి ఊపిరి బిగబట్టింది, పాపం, ఆ ఒక్కటీ అబద్ధం కాదు.

బయట కన్యాకుమారి లేచి నిలబడింది. "ఏటన్నారన్నా? బాగా అయిందా?"

ఇంతకంటే లోపలే నయం, అనుకున్నాడు, లోపల అయిదుగురు, ఇక్కడ ఒక్కర్తే. "అమ్మా, నాకు ఏటీ తెలీడం లేదు. ఒక్కపాలైనా తెలీలేదు."

"మరి సీవ?"

"సీవా లేదు, మీసాలూ లేవు."

ఆమె చూసింది. కోపం కాదు, కోపమైతే ఎల్లాజీకి సమాధానాలు వందున్నాయి. కుళ్లిన చేప అంటగట్టబోయిన బేరగాణ్ణి చూసినట్టు చూసింది. ఇన్నాళ్లూ తను ఊరందరి మీదికీ విసిరిన చూపు అదే, అది ఎంత బరువుంటుందో విసిరేవాడికి తెలియదు.

"మంగళారం నా సెయ్యి కోస్తారు," అంది. "అందరికీ సెప్పుకున్నట్టు నాకూ సెప్పీసినావు."

"సెప్పీసినాను."

"ఐతే గొట్టం పనికిరాదా?"

"అదీ నాకు తెలీదు. ఒకలకి పన్జేస్తాదంట, ఒకలకి సెయ్యదంట. నాకు సెయ్యలేదు. లోపల ముసలాయనున్నాడు, ఆయన్నడుగు. నానూ వస్తాను. నడిమిన ఆ జోళ్లాయన ఏటేనా తీపి కలిపితే నా మొకం సూడు, కాదంతాను."

"నీ మొకవా!" అంది కన్యాకుమారి. ఆమె అతని మొహం చూడనే లేదు. కింద, అతని పాదం పక్కన, తెల్లటి పలకల మీద ఎర్రగా ఒక చుక్క, దాని పక్కన ఇంకో చుక్క పడుతున్నాయి. వేలాడేసిన కుడిచేతి చూపుడువేలి చివర మూడోది ఊరుతోంది. ఎల్లాజీకి తెలియదు, ఆమె కళ్లెక్కడున్నాయా అని వెతుక్కుంటున్నాడు. "నీ మొకం ఏల సూస్తాను? ఆ ఏలు సూస్తాను. రా." ఫైలు చంకన పెట్టుకుని, ముందు తనే తలుపు తోసింది.